తిరగని బండికి ఎంత ధర?

చార్‌కమాన్ కబుర్లు
– బస్తీవాసి

చౌమహల్లా ప్యాలెస్‌లో ఒక పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిస్తే లండన్‌లో బార్కర్ కంపెనీ దానికి బాడీ కట్టింది. బండి ఇక్కడికి చేరేలోపే, 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చిన ఆ కారును ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఏ వేడుకకో తప్ప బయటికి తీయలేదు. 1947 దాకా అది తిరిగింది మొత్తం 356 మైళ్లేనని చెబుతారు. కిలోమీటర్లలో 573. విజయవాడకు వెళ్లి వచ్చినంత దూరం. మన సెకండ్‌హ్యాండ్ బజారు భాషలో సింగిల్ ఓనర్, గ్యారేజీ గాడీ, షోరూం కండిషన్. అయినా జనం చూసేలా నిలబెట్టడానికి దాన్ని మళ్లీ బాగుచేయాల్సి వచ్చింది.

పాతబస్తీలో పాత కారు కొనబోయేవాళ్లకు నేను చెప్పదలచిన మాట ఆ బండిలోనే ఉంది. వాడితే అరిగేవి కొన్ని, వాడకపోతే చెడేవి కొన్ని. మీటరు చూపించేది మొదటి లెక్క ఒక్కటే.

బేరం ఎలా వస్తుందో మీకు తెలిసిందే. 2013 మోడల్ పెట్రోలు బండి, 22 వేలు తిరిగింది. పక్కనే అదే మోడల్, అదే ఏడాది బండి, 80 వేలు తిరిగింది. మొదటిదానికి పాత కార్ల కన్సల్టెన్సీ వాళ్లు యాభై, అరవై వేలు ఎక్కువ చెబుతారు. "సాబ్, గాడీ నిలబడే ఉంది, నడిపిందే లేదు" అంటారు. ఆ ఎక్కువ ఇవ్వొచ్చా? నా మటుకు నేను ఇవ్వను. తక్కువ తిరిగిన పాత బండిని అసలు కొనొద్దని కాదు. తక్కువ తిరిగిందన్న మాటకు విడిగా వెల కట్టొద్దంటున్నాను.

ముందు మన రోడ్ల సంగతి. మదీనా నుంచి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాటి శాలిబండ చేరాలంటే సాయంత్రం పూట కారు నడవదు, పాకుతుంది. గంటకు పది కిలోమీటర్ల వేగమని లెక్కేసుకుందాం. 22 వేల కిలోమీటర్లకు ఇంజను 2,200 గంటలు తిరిగినట్టు. అన్నే గంటలు విజయవాడ హైవేమీద అరవై వేగంతో నడిచిన బండి మీటరు 1,32,000 చూపిస్తుంది. నిలబడి తిరిగే ఇంజనుకు బరువు తక్కువ కాబట్టి గంటకు గంట సరితూగదు, నిజమే. కానీ క్లచ్ ప్లేట్ల సంగతి వేరు. హైవే బండి గంటసేపు టాప్ గేరులో పోతుంటే, మన బండి అదే గంటలో వందసార్లు క్లచ్ తొక్కించుకుంటుంది. ఎవరూ మీటరు ముట్టుకోకపోయినా పాతబస్తీ బండి కిలోమీటర్లు తక్కువే చెబుతాయి.

పైగా 22 వేలను పన్నెండేళ్లకు పంచితే రోజుకు ఐదు కిలోమీటర్లు. ఐదు కిలోమీటర్లలో ఇంజను ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. లోపల పట్టిన చెమ్మ ఆవిరై పోదు, ఆయిల్‌లోనే కలుస్తుంది. సైలెన్సర్‌లో మిగిలిన నీరు లోపలినుంచే తుప్పు పట్టిస్తుంది. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలివైపు చూడండి. మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తే బండి గల్లీ దాటి పెద్దగా పోలేదని అర్థం. అంతకంటే చెడ్డ కారణం, హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలవడం కూడా కావచ్చు. ఏదన్నది మెకానిక్ తేలుస్తాడు.

అలాగని తక్కువ కిలోమీటర్లన్నీ అబద్ధాలు కావు. పాతబస్తీలో నిజంగా తిరగని బండ్లు ఉన్నాయి, దానికి కారణమూ ఉంది. బార్కస్, షాహీన్‌నగర్, చాంద్రాయణగుట్ట వైపు కొడుకు జెద్దాలోనో దోహాలోనో ఉండే ఇళ్లు ఎన్నో. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడానికని కారు కొనిపెడతాడు. అవసరమైన రోజు డ్రైవర్‌ను పిలుస్తారు. అబ్బాయి సెలవు మీద వచ్చిన నెలా రెండు నెలలు పెళ్లిళ్లకూ దావత్‌లకూ రోజూ తిరుగుతుంది. ఆయన విమానం ఎక్కాక మళ్లీ కవరు కిందికి పోతుంది. ఇలాంటి బండి మీటరు నిజమే చెబుతుంది. నిలబడ్డంవల్ల వచ్చిన జబ్బులు మాత్రం మీటర్లో కనిపించవు.

"వారం వారం స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతాం" అని గర్వంగా చెబుతారు. బండికి అది మేలు చేయదు. స్టార్టర్ లాగేసుకున్న కరెంటు పది నిమిషాల ఐడ్లింగ్‌లో బ్యాటరీకి పూర్తిగా తిరిగి రాదు. ఆయిల్ వేడెక్కదు. చక్రాలు తిరగవు కాబట్టి టైరు ఒకేచోట ఆనుకుని చదునెక్కుతుంది, బ్రేకు డిస్కుల తుప్పు రాలదు. ఏసీ వేయకపోతే కంప్రెసర్ సీలు ఎండి గ్యాసు కారిపోతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని చెమ్మ పీలుస్తుంది కాబట్టి బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. కదలని బండి ఎలుకలకూ ఇల్లే. బానెట్ కింద కొరికిన వైర్లున్నాయేమో చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలు 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్ నీటిని లాగుతుంది. 2023కు ముందటి చాలా బండ్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు ఆ మోతాదుకు చేసినవి కావు. అదే పెట్రోలుతో నెలల తరబడి నిలబెట్టిన ట్యాంకు మీద నాకు నమ్మకం తక్కువ.

మరి 22 వేలు నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి? డిజిటల్ మీటరును ల్యాప్‌టాప్ తగిలించి వెనక్కి దించడం ఈ రోజుల్లో పెద్ద పనికాదు. అందుకే మీటరును వదిలి టైరును అడగండి. టైరు పక్కన డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2313 అంటే 2013లో 23వ వారం తయారైంది. 2013 బండికి ఆ నాటి టైర్లే ఉండి, బటన్లు ఇంకా లోతుగా ఉంటే 22 వేలన్నది నమ్మొచ్చు. టైర్లమీద 2017 అని ఉంటే మాత్రం ఆగాలి. కంపెనీ టైర్లు మామూలుగా నలభై వేల దాకా వస్తాయి. నాలుగేళ్లకే, అంత తక్కువ తిరిగిన బండికి నాలుగూ ఎందుకు మార్చారు? జవాబు బిల్లులో ఉండాలి.

తమాషా ఏమిటంటే, మీటరు నిజమని సాక్ష్యం చెప్పిన ఆ పాత టైర్లు కొన్న మర్నాడే మార్చక తప్పదు. పదేళ్లు దాటిన రబ్బరును ఔటర్ రింగ్ రోడ్డు వేగానికి నమ్మలేం. బ్యాటరీ, కూలెంట్ గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు, వైపర్లదీ ఇదే కథ. పాత సాంట్రోలాంటి టైమింగ్ బెల్టు ఇంజనైతే బెల్టుకు కిలోమీటర్ల గడువుతోపాటు ఏళ్ల గడువూ ఉంటుంది. అది నడుస్తుండగా తెగితే వాల్వులు వంగి ఇంజను విప్పాల్సి వస్తుంది. చిన్న కారుకు ఈ మరమ్మతులన్నీ కలిపి ఎంత తక్కువ వేసుకున్నా నలభై వేలకు తగ్గదని నా అంచనా. తక్కువ తిరిగిందని అమ్మేవాడు అడిగే అదనం దాదాపు అంతే. అదే డబ్బు రెండుసార్లు ఎందుకు పెట్టాలి?

టైరు తర్వాత సర్వీసు బిల్లులు. ప్రతి బిల్లుమీదా తేదీ, కిలోమీటర్లు ఉంటాయి. వాటిని వరుసగా పేర్చి చూడండి. ఏడాదికి ఒక బిల్లు, ప్రతిసారీ రెండు వేలకు కాస్త తక్కువగా పెరుగుదల కనిపిస్తే ఆ ఇంటివాళ్లు బండిని బాగా చూసుకున్నట్టే. పదివేలు తిరగలేదు కదా అని నాలుగేళ్లు ఆయిల్ మార్చకుండా వదిలేస్తే, ఆ నాలుగేళ్లూ ఇంజను పాత ఆయిల్‌తోనే గడిపింది. పోలీసుల ఈ-చలాన్ సైటులో బండి నంబరు కొట్టి చూడండి. కట్టాల్సిన చలానాలు తెలియడం ఒక లాభం. మూడేళ్లుగా గ్యారేజీ దాటలేదన్న బండి ఏ తేదీన ఏ కూడలిలో సిగ్నల్ దాటిందో ఫొటోతో సహా బయటపడొచ్చు, అది రెండో లాభం. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ నునుపు, డ్రైవర్ సీటు అంచు కూడా చూడండి. 22 వేలకు పెడల్ రబ్బరు నున్నగా అరగదు.

మన వైపు ఇంకో పరీక్ష తప్పనిసరి. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు పల్లెచెరువు పొంగి అల్ జుబైల్ కాలనీని ముంచింది. ఆ వారంలోనే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. గల్లీల్లో కార్లు తేలి ఒకదానిమీదొకటి ఎక్కిన దృశ్యాలు అందరికీ గుర్తే. మునిగిన బండి ఆరాక, కడిగాక, పాలిష్ చేశాక ఎక్కడిదో చెప్పడం కష్టం. ఏళ్ల తరబడి మూలపడ్డందువల్ల దాని కిలోమీటర్లు కూడా తక్కువే ఉంటాయి. సీటుబెల్టును చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తి వాసన పట్టండి. సీటు పట్టాల తుప్పు, హెడ్‌లైట్ లోపలి మట్టి చారలు చూడండి. నీళ్లు తాగిన వైరింగ్ రేపు మోసం చేస్తుంది, ఎల్లుండీ చేస్తుంది. అలాంటి బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

కాగితాల్లో ముఖ్యమైంది వయసు. సొంతకారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. 2013 బండికి అది 2028లో తీరిపోతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. ఈ లెక్కలో కిలోమీటర్లకు చోటు లేదు. బండి తిరిగినా, కవరు కింద పడుకున్నా ఏళ్లు గడుస్తూనే ఉంటాయి.

ఢిల్లీ నంబరు డీజిలు బండి తక్కువ తిరిగి, తక్కువ ధరకు వస్తే దాని వెనక ఒక తీర్పు ఉందని గుర్తుంచుకోండి. పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దెబ్బకు అక్కడ ధర పడి ఇటు వచ్చిన బండ్లవి. ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, బండ్లగూడ ఆర్‌టీఏలో మీ పేరు ఎక్కేదాకా అయ్యే ఖర్చు కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో చూసుకోండి. దుకాణం ఎత్తేసిన కంపెనీల కార్ల చవక వెనకా ఒక చిక్కుంది. షెవర్లే 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ 2021లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. బండి ముద్దుగానే ఉంటుంది. పుత్లీబౌలి దుకాణాల్లో పార్టు దొరక్కపోతే ముద్దు తీరుతుంది.

అన్నీ కుదిరాక నడిపి చూడండి. పొద్దున్నే, ముందు చెప్పకుండా వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి ఏదో దాచి ఉండొచ్చు. మొదటి స్టార్టులో సైలెన్సర్ నీలం పొగ వదిలితే ఆయిల్ కాలుతోంది. వాడకం లేక వాల్వు సీళ్లు గట్టిపడ్డ బండ్లలో ఇది మామూలే. తర్వాత రద్దీలో అరగంట పాకించి టెంపరేచర్ ముల్లు చూడండి. జూపార్కు దగ్గర ఫ్లైఓవరెక్కి ఆరాంఘర్ దాకా నాలుగు కిలోమీటర్లు వేగంగా పోండి. గల్లీలో మెత్తగా ఉన్న బండి స్టీరింగ్ అక్కడ వణికితే టైర్లు చదునెక్కి ఉండొచ్చు. చివరికి మీ మెకానిక్ ఉస్తాద్‌కు చూపించండి. అమ్మేవాడు పంపిన ఉస్తాద్ పనికిరాడు.

ఇప్పుడు ధర. 80 వేలు తిరిగిన బండికి బజారు ఎంత చెబుతుందో అదే ఈ బండికీ ధర అనుకోండి. అందులోంచి టైర్లు, బ్యాటరీ, బెల్టు, గొట్టాల ఖర్చు తీసేయండి. ఏటేటా బిల్లులున్నాయి, నిలబడ్డందుకు నమ్మదగిన కారణం ఉంది, వరద మచ్చ లేదు అంటే కొంత కలపండి. ఆ కలిపేది బిల్లులకు, కిలోమీటర్లకు కాదు. ఈ ధరకు ఒప్పుకుంటే బండి తెచ్చుకుని, మొదటి నెలలోనే ఆయిళ్లూ రబ్బర్లూ మార్చి రోజూ వాడుకోండి. మరో పదేళ్లు చక్కగా తిరగొచ్చు. ఒప్పుకోకపోతే పక్కనున్న 80 వేల బండి డిప్‌స్టిక్ లాగి చూడండి. ఆయిల్ శుభ్రంగా ఉండి, సర్వీసు పుస్తకం నిండుగా ఉంటే అడ్వాన్సు దానికే ఇవ్వండి.