సంతకం కాదు, ముందు కోణం చూడండి

పాత వస్తువులు అమ్మే వెబ్‌సైట్లలో అరచేతిలో పట్టే ఇత్తడి నీడ గడియారాలు తరచుగా కనిపిస్తాయి. మధ్యలో దిక్సూచి, చుట్టూ రోమన్ అంకెలు, మడిచిపెట్టే శంకువు, అంచున లండన్‌కు చెందిన ఎవరో పాత తయారీదారు పేరు. ఆ పేరు చూపించి 18వ శతాబ్దపు నావికుడి గడియారమని అమ్మేవారున్నారు, నమ్మి కొనేవారూ ఉన్నారు. నిజానికి వీటిలో చాలా వరకు మన దేశపు ఇత్తడి పనివాళ్ళు ఈమధ్య చేసినవే. ఉత్తరాఖండ్‌లోని రూర్కీ ఇలాంటి ఓడ సామాను నమూనాలకు పేరున్న ఊరు. నమూనాలు చేయడంలో తప్పు లేదు. పాత పరికరాన్ని గుర్తించే పనిని పేరుతో మొదలుపెట్టడమే పొరపాటు. మొదట చూడాల్సింది కోణం.

పేరును ఎవరైనా చెక్కవచ్చు. పారిస్‌లో స్థిరపడిన ఆంగ్లేయుడు మైకేల్ బటర్‌ఫీల్డ్ 1724లో మరణించాడు. చిన్న పక్షి బొమ్మ ముక్కుతో అక్షాంశాన్ని చూపించే జేబు గడియారాలకు ఆయన ప్రసిద్ధుడు. ఆ రకం ఎంతగా ప్రచారంలోకి వచ్చిందంటే, అదే పద్ధతిలో ఇతరులు చేసినవాటిని కూడా ఇప్పుడు బటర్‌ఫీల్డ్ గడియారాలనే పిలుస్తున్నారు. ఆయన పేరున్న ప్రతిదీ ఆయన చేతి పని కాదు.

కోణం సంగతి వేరు. నేలకు సమాంతరంగా పరిచే పలక మీద గంటల గీతలు ఏదో ఒక అక్షాంశానికే సరిపోతాయి. మధ్యాహ్నం 12 గీతకూ 3 గంటల గీతకూ మధ్య కోణం లండన్‌కైతే 38 డిగ్రీలు, ఢిల్లీకైతే 25.6, హైదరాబాద్‌కైతే 16.6. ఆ కోణపు టాంజెంట్ విలువ ఎంతో, ఆ ఊరి అక్షాంశపు సైన్ విలువ అంత. బడిపిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానిని, కాలిక్యులేటర్‌ను దగ్గర పెట్టుకుంటే గడియారం ఏ అక్షాంశం కోసం చేసిందో ఎవరైనా లెక్కకట్టవచ్చు. శంకువు అంచు పలకతో చేసే కోణం కూడా అదే అక్షాంశానికి సరిపోవాలి.

అలంకారానికి చేసిన నమూనాలు ఇక్కడే దొరికిపోతాయి. కొన్నింటిలో గంటల గీతలన్నీ 15 డిగ్రీల సమాన దూరంలో ఉంటాయి. అప్పుడు 3 గంటల గీత 45 డిగ్రీల దగ్గర పడుతుంది. పరిచిన పలక మీద ఆ లెక్క ఉత్తర ధ్రువంలోనే సరిపోతుంది! అయితే పలకను భూమధ్యరేఖా తలానికి సమాంతరంగా వంచి వాడే గడియారాల్లో సమాన విభజనే సరైనది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పనివాళ్ళు అలాంటివి విరివిగా చేశారు. కాబట్టి గడియారం ఏ రకమో తేల్చుకున్నాకే తీర్పు చెప్పాలి.

దిక్సూచి గిన్నె అడుగున అసలు ఉత్తరానికి కాస్త పక్కగా ఒక గుర్తు ఉంటే అది కాలాన్ని సూచిస్తుంది. సూది చూపే ఉత్తరం తరతరానికీ కదులుతుంది. లండన్‌లో 1580లో అది 11 డిగ్రీలు తూర్పుకు ఉండేది. 1660 ప్రాంతంలో సున్నాకు వచ్చి, 1820 నాటికి 24 డిగ్రీలు పడమటికి జరిగింది. ఇన్ని లెక్కలూ కుదిరాక చెక్కడం పనిని, మరల తీరును చూడవచ్చు. ఉలితో చెక్కిన గీతకు మొదలు, తుద తెలుస్తాయి. పోతపోసిన గీత అంచులు మొద్దుగా ఉంటాయి.

ఈ పద్ధతి మనకు మరీ అవసరం. ఎందుకంటే మన సొంత పరికరాల్లో చాలావాటి మీద చేసినవాడి పేరే ఉండదు. 16వ శతాబ్దపు గణేశ దైవజ్ఞుడు ప్రతోద యంత్రం గురించి రాశాడు. ప్రతోదమంటే ములుకోల. నిలువుగా వేలాడే కర్రకు నెలను బట్టి ఒక పక్క మేకు గుచ్చితే, గోడకు కొట్టిన మేకు నీడలా అది కిందికి పడి, పొద్దును గడియల్లో చెబుతుంది. గడియ అంటే 24 నిమిషాలు. మన గడియారం అన్న మాట అందులోంచే వచ్చింది. నేపాల్, హిమాలయ ప్రాంతాల నుంచి వెళ్ళిన ఇలాంటి చెక్క కర్రలు విదేశీ మ్యూజియంలలో ఉన్నాయి. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున మధ్యాహ్నపు నీడ కాఠ్మండులో మేకు పొడవుకు 1.9 రెట్లు, హైదరాబాద్‌లో 3.2 రెట్లు ఉండాలి. పేరు లేని కర్ర తన ప్రాంతాన్ని ఇలా చెప్పగలదు.

పరాయి కొలబద్దలతో మన వస్తువులను తూచడంలోనూ ప్రమాదం ఉంది. ఐరోపాలో ఒకప్పుడు రాగిని జింక్ ఖనిజంతో కలిపి కాల్చి ఇత్తడి చేసేవారు. అందులో జింక్ సుమారు 30 శాతం మించేది కాదు. అంతకంటే ఎక్కువుంటే ఆధునికమని అక్కడ అనుమానిస్తారు. కానీ లాహోర్‌లో 17వ శతాబ్దంలో చేసిన ఆస్ట్రోలేబులను ఎక్స్‌రేలతో పరీక్షిస్తే జింక్ అధికంగా ఉన్న ఇత్తడే కనబడింది. రాజస్థాన్‌లోని జావర్‌లో జింక్‌ను బట్టీపట్టి తీయడం అప్పటికే పాత విద్య. ఐరోపా సూత్రాన్ని గుడ్డిగా వాడితే మన అసలు పరికరాలు నకిలీలైపోతాయి.

ఇందులో నష్టం కొన్నవాడి జేబుకే పరిమితం కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాఖండాలను, పరికరాలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. గుర్తించే నేర్పు లేనిచోట అసలుది హస్తకళా వస్తువు పేరుతో వెళ్ళిపోవచ్చు. నకిలీ అద్దాల బీరువాలో కూర్చోవచ్చు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో సంస్కృత ఆచార్యులుగా పనిచేసిన శ్రీరాముల రాజేశ్వర శర్మ భారతీయ ఖగోళ పరికరాలపై రూపొందించిన విస్తృత సూచిక ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంది. ఆ దారి పట్టుకుని మన మ్యూజియంలు ప్రతి నీడ గడియారం పక్కనా కొలిచిన కోణాలను, వాటి నుంచి తేలిన అక్షాంశాన్ని రాసిపెట్టాలి. దగ్గర్లోని కళాశాల భౌతికశాస్త్ర విద్యార్థులకు అప్పగిస్తే అయ్యే పని ఇది.

నేటి ఇత్తడి పనివాళ్ళకూ ఒక మాట. లండన్ పేరు తీసేసి తమ ఊరి పేరు, చేసిన సంవత్సరం చెక్కి, కొనేవారి ఊరి అక్షాంశానికి గీతలు గీసి ఇస్తే అది వేళ చెప్పే వస్తువవుతుంది. వందేళ్ళ తర్వాత దాన్ని చేతిలోకి తీసుకునేవారికి ఎవరు చేశారన్న అనుమానమూ ఉండదు.