సగం దారి వద్దన్నాం – పూర్తి దారి ఏది?

మలక్‌పేట మార్కెట్ యార్డుకు పోయినప్పుడల్లా హమాలీ కార్మికులతో కూచుని చాయ్ తాగి రెండు మాటలు మాట్లాడటం నాకు అలవాటు. మొన్న ఉల్లిగడ్డ బస్తాలు దించి చెమట తుడుచుకుంటున్న పాలమూరు పిల్లగాడొకడు నన్ను నిలదీశాడు.

"అన్నా, ఎనకట ఏదో కంపెనీ గరీబోళ్లకు ఇంటర్నెట్ ఊకెనే ఇస్తనంటే మీరంతా వద్దని లొల్లి చేసిండ్రట గదా! నెలనెలా రీచార్జి చేయించుడు మాకెంత కష్టమో మీకెరికేనా?"

ఇది కడుపు నిండినవాడి ప్రశ్న కాదు. నినాదంతో దాటేస్తే తప్పవుతుంది. జవాబు చెప్పుకోవలసిందే.

అసలు జరిగిందేమిటి? 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ కంపెనీ, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఆరు రాష్ట్రాల్లో ఒక పథకం మొదలుపెట్టింది. అందులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. తర్వాత దానికి 'ఫ్రీ బేసిక్స్' అని పేరు పెట్టారు. ముప్పై పైచిలుకు వెబ్‌సైట్లు డేటా ఖర్చు లేకుండా చూడొచ్చు. అందులో చేరాలంటే ఫేస్‌బుక్ పెట్టిన షరతులకు ఒప్పుకోవాలి. మిగతా ఇంటర్నెట్ అంతా డబ్బు కట్టినవాడికే. ఆ ఏడాది డిసెంబరులో జుకర్‌బర్గ్ స్వయంగా మన దేశపు పత్రికలో వ్యాసం రాసి, మహారాష్ట్ర రైతు ఒకాయన దీనితో వాన కబురు, పంట ధరలు తెలుసుకుంటున్నాడని చెప్పుకొచ్చాడు. రైతును ముందు నిలబెట్టి బేరం నడిపించారన్నమాట!

పేదవాడికి ఇస్తే తప్పేముంది? మార్కెట్లో బస్తాలు మోసేవాడు దీని జవాబు పుస్తకాల్లో వెతకనక్కరలేదు. విత్తనాలకు, మందులకు కమీషన్ ఏజెంటు ముందుగా అప్పు ఇస్తాడు. ఆపదలో ఆదుకున్నట్టే ఉంటుంది. పంట చేతికొచ్చాక మాత్రం సరుకు ఆయన దుకాణానికే రావాలి. పక్క దుకాణంలో క్వింటాలుకు వంద రూపాయలు ఎక్కువ పలికినా రైతు అటు తిరిగి చూడలేడు. కంపెనీ ఇచ్చే ఉచితానికి కూడా అలాంటి తాడే ఉంటుంది. ధర తెలుస్తుంది, కానీ ఎవరు చెప్పిన ధర? వార్త అందుతుంది, కానీ ఎవరు రానిచ్చిన వార్త? రేపు ఒక విత్తనాల కంపెనీ సొమ్ము కట్టి తన సైటును ఉచితం చేయించుకుంటుంది. ఆ విత్తనం మొలకెత్తలేదని రాసిన చిన్న పత్రికను చూడాలంటే డేటా ఖర్చవుతుంది. కూలివాడు ఏది చూస్తాడు?

నెట్ న్యూట్రాలిటీ అంటే ఇంతే. ఇంటర్నెట్ కంపెనీ దారి వేసి ఊరుకోవాలి. ఆ దారిన వచ్చింది కారా, ఎడ్లబండా అని చూసి ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని ఆపకూడదు. దీనికోసం 2015 ఏప్రిల్‌లో పది లక్షలకు పైగా ఈమెయిళ్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు వెళ్లాయి. హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ యువకులు ప్రచారం చేశారు. చివరకు 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, చూసే సైటును బట్టి వేర్వేరు రేట్లు పెట్టడాన్ని నిషేధించింది. తప్పితే రోజుకు 50 వేల రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు. 2018 జూలైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది.

గెలిచాం. మంచిదే. ఆ తర్వాత మనం ఏం చేశాం?

ఆ పిల్లగాడి మాట మనల్ని ఇక్కడే గుచ్చాలి. సగం దారి వద్దన్నాం, పూర్తి దారి ఇప్పించామా? 2024 జూలై మొదటి వారంలో మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలు ఒకదాని వెంట ఒకటి రేట్లు పెంచాయి. మరోవంక ఫోను లేనిదే బతుకు నడవని ఏర్పాట్లు చేశారు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండు ఫోటోలతో యాప్‌లో హాజరు తప్పనిసరి అన్నారు. సిగ్నల్ దొరకక ఫోటో ఎక్కకపోతే, ఎండలో మట్టి తవ్విన మనిషికి ఆ రోజు కూలికే ఎసరు వచ్చింది. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్‌తో మార్కెట్ బేరాలు కూడా ఆన్‌లైన్‌కు ఎక్కాయి. దారి అందరికీ ఒకటే, నిజమే. టోలు కట్టలేనివాడికి ఆ సమానత్వం ఎన్నాళ్లు కూడు పెడుతుంది?

అయితే మళ్లీ కంపెనీ ఉచితానికే చేయి చాపాలా? అక్కర్లేదు. కేరళ ప్రభుత్వం 2023 జూన్ 5న కె-ఫోన్ ప్రారంభించి, 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇంటర్నెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లోనే చెప్పింది. మరి అదీ ఉచితం, ఇదీ ఉచితం, తేడా ఏమిటి? రేషను బియ్యంతో బువ్వ వండుకోవాలో, అట్లు పోసుకోవాలో డీలరు చెప్పడు. అదీ తేడా! అది హక్కుగా వచ్చింది, బియ్యం తిన్నవాడు ఎవరి దుకాణానికీ కట్టుబడనక్కరలేదు.

మన తెలంగాణలో మిషన్ భగీరథ గొట్టాల వెంటే టి-ఫైబర్ తీగ వేశారు. నల్లా నీళ్లు ఇంటికి రావాలని అడిగిన మనం, ఆ పక్కనే పోయిన తీగ ఎవరి ఇంటి దాకా వచ్చిందని ఎందుకు అడగం?

వచ్చే గ్రామసభలో కూలి రేటు, ఇళ్ల స్థలాల పక్కన ఈ మాటలు కూడా రాయించండి. ప్రతి కూలి ఇంటికీ ప్రభుత్వ ఇంటర్నెట్ రావాలి. అది షరతులు లేని పూర్తి ఇంటర్నెట్ కావాలి. సిగ్నల్ లేదన్న సాకుతో ఎవరి కూలీ పోకూడదు.

మలక్‌పేట పిల్లగాడికి నేను ఇదే చెప్పాను. చాయ్ గ్లాసు కింద పెట్టి వాడన్నాడు: "గట్లయితే వద్దనుడు ఒక్కటే కాదన్నా, గావాలె అని గూడ లొల్లి చెయ్యున్రి."

వాడు చెప్పింది సబబు. ఆ లొల్లి మొదలుపెట్టవలసింది మనమే.