ప్రశాంతమైన ఊరు అనకండి

మొన్న రాజమండ్రి దానవాయిపేటలో ఒక గృహప్రవేశం. బంతిలో నా పక్కన కూర్చున్నాయన హైదరాబాదు నుంచి వచ్చాడు. కొండాపూర్‌లో ఫ్లాటు, మాదాపూర్‌లో ఉద్యోగం. పులిహోర వడ్డించేలోపే మొదలెట్టాడు. “మీకేమండీ, ప్రశాంతమైన ఊళ్ళో ఉన్నారు. రెండేళ్ళు ఆగి నేనూ వచ్చేస్తాను. అద్దె తక్కువ, కూరగాయలు చవక, ట్రాఫిక్ గొడవ లేదు, సాయంత్రమైతే గోదావరి గట్టు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలండీ?” ఎదురు బంతిలో పెద్దవాళ్ళంతా తలలూపారు. అలా ఊపినవాళ్ళలో ఒక్కరి పిల్లలైనా ఈ ఊళ్ళో లేరు. నాకు ఇక అన్నం సయించలేదు.

ఆయనొక్కడి మాటే అయితే విని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడిది అందరి నోటా పాటైపోయింది. రాజమండ్రి, కాకినాడ, నెల్లూరు, వరంగల్, కరీంనగర్, ఏ ఊరి పేరెత్తినా ఎవరో ఒకరు కాగితం మధ్యలో గీత గీసి అటు లాభాలు, ఇటు నష్టాలు రాసేస్తున్నారు. వెంచర్లు వేసేవాళ్ళ బ్రోచర్లలో అదే, యూట్యూబ్‌లో అదే, పెళ్ళి భోజనాల్లో అదే. నష్టాల వైపు ‘మాల్స్ తక్కువ, విమానాలు తక్కువ’ అని రెండు ముక్కలు రాసి, లాభాల వైపు మొట్టమొదట ‘ప్రశాంతత’ అని రాస్తారు. ఆ ఒక్క మాట మీదే నా పోట్లాట. మా ఊళ్ళో ఉన్నది ప్రశాంతత కాదు. చదివిన చదువుకి ఇక్కడ పని దొరక్క పిల్లలు వెళ్ళిపోతే మిగిలిన నిశ్శబ్దం.

నమ్మనివాళ్ళు ఒక ఆదివారం రాత్రి రాజమండ్రి స్టేషనుకి రండి. కాకినాడ నుంచి లింగంపల్లి వెళ్ళే గౌతమి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటుండదు. ప్రతి కుర్రాడి వీపుకీ లాప్‌టాప్ బ్యాగు. చేతిలో అమ్మ కట్టిచ్చిన పచ్చడి డబ్బా, నూనె కారకుండా దానికి రెండు పాలిథిన్ కవర్లు, పైన రబ్బరు బ్యాండు. టికెట్టు ఆర్‌ఏసీలో ఉన్న పిల్ల ఫోన్లో చార్టు చూసుకుంటూ ఉంటుంది. తండ్రి ‘దిగగానే ఫోన్ చెయ్యమ్మా’ అన్న మాటే మళ్ళీ మళ్ళీ అంటాడు. లింగంపల్లిలో దిగితే ఆఫీసులు దగ్గర కాబట్టి ఆ బండికి అంత గిరాకీ. ప్రైవేటు ట్రావెల్స్ బస్సుల వరస వేరే. ఒక జిల్లా తన చదువుకున్న పిల్లల్ని వారం వారం ఇలా బండెక్కించి పంపిస్తోంది. ఆ బండి వెళ్ళిపోయాక ఊళ్ళో ఉండే నిశ్శబ్దాన్ని మీరు లాభాల ఖాతాలో రాసుకుంటారా?

మా వీధిలో మేడ మీద వాటాలకు తాళాలుంటాయి. కింద ముసలి దంపతులు, వాళ్ళకి మందులు తెచ్చిపెట్టే పనమ్మాయి, గుమ్మం మీద సీసీ కెమెరా. తల్లి గేటు తీసి పాలపాకెట్టు అందుకోవడం అమెరికాలో ఉన్న కొడుకు ఆ కెమెరాలో చూస్తాడు. ఆవిడ ఒకపూట ఆలస్యంగా గేటు తీస్తే అక్కణ్ణించి పక్కింటికి ఫోనొస్తుంది. ఇలాంటి గుమ్మాలు ఎన్ని ఉన్నాయో మా ఊరి ఏ వీధికైనా వెళ్ళి లెక్కపెట్టుకోండి. సంక్రాంతికి నాలుగు రోజులొచ్చి, కోడిపందేలు చూసి, పూతరేకులు కొనుక్కుని, ‘అబ్బ, ఎంత హాయిగా ఉందో’ అనేవాళ్ళకు ఆ గుమ్మాలు కనబడవు.

రెండో మాట చవక. ఎందుకు చవకో ఎవరూ అడగరు. తాడితోట బట్టల కొట్లలో డిగ్రీ చదివిన అమ్మాయిలు పొద్దుటినుంచి రాత్రిదాకా నిలబడి చీరలు విప్పి చూపిస్తూ, మళ్ళీ మడతలు పెడుతూ ఉంటారు. వాళ్ళ జీతం తక్కువ, ఆటో తోలేవాడి రాబడి తక్కువ, మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి జీతం తక్కువ. మీది హైదరాబాదు జీతం, వాళ్ళది రాజమండ్రి జీతం. ఆ రెంటి మధ్య తేడాకే మీరు చవక అని పేరు పెట్టారు. గ్యాసుబండ, పెట్రోలు, ఫోన్ రీచార్జి చిన్న ఊరని చూసి ధర తగ్గించుకోవు. కార్పొరేట్ కాలేజీ ఫీజూ జాలిపడదు. అవన్నీ ఆ బట్టల కొట్టు అమ్మాయీ కట్టాలి. పైగా మీరొచ్చి అడిగినంతా ఇస్తుంటే వీధి మొత్తం అద్దెలు పెరుగుతాయి. అప్పటిదాకా ఊళ్ళో ఉన్నవాళ్ళు శివార్లకు సామాను సర్దుకుంటారు.

ఇంటినుంచి పని ఉంది కదా అంటారు. 2020లో కరోనాకు భయపడి వచ్చినవాళ్ళు చాలామంది అదే మాట అన్నారు. కంపెనీలు వెనక్కి పిలిచాయి. వాళ్ళు మళ్ళీ గౌతమి ఎక్కారు. ఆ మాట అక్కడితో సరి.

వైద్యం సంగతి మాత్రం వదలను. ‘ఇప్పుడు అన్ని ఆస్పత్రులూ ఉన్నాయిగా’ అని తేలిగ్గా అనేస్తారు. బోర్డులున్నాయి. పక్షవాతం వచ్చినవాళ్ళకు రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. మా మేనమామకు ఒక రాత్రి భోజనం చేస్తుండగా మూతి వంకరపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. స్కాన్ తీశారు, డబ్బు కట్టించుకున్నారు. నరాల డాక్టరుగారు పొద్దున వస్తారు, ఆగలేకపోతే వైజాగ్ తీసుకెళ్ళండి అన్నారు. అంబులెన్సు దొరికి, జగ్గంపేట, అన్నవరం దాటి తుని చేరేసరికే గడువు అయిపోయింది. ఆయన కుడిచెయ్యి మళ్ళీ లేవలేదు. పెన్షన్ కాగితాల మీద ఇప్పుడు ఎడమచేత్తో సంతకం పెడుతున్నాడు. 2023లో మా ఊరికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, సంతోషం. కానీ కళాశాల వచ్చిందంటే అర్ధరాత్రి నిపుణుడు డ్యూటీలో ఉన్నాడని కాదు. రాత్రి పదకొండు తర్వాత ఎవరుంటారు? లాభనష్టాల పట్టీలో మొదటి వరసలో రాయాల్సిన ప్రశ్న ఇది. ఒక్క పట్టీలోనూ నాకు కనబడలేదు.

‘అందరూ తెలిసినవాళ్ళే ఉంటారు’ అన్నది ఇంకో లాభమట. సాయంత్రం ఏడింటికి మీ అమ్మాయి స్నేహితుడితో ఐస్‌క్రీం తింటే ఎనిమిదింటికి మీ ఇంటికి కబురొస్తుంది, తెలిసినవాళ్ళంటే అదే. టు‌లెట్ బోర్డు చూసి ఇంటికెళితే అద్దె ఎంతో చెప్పకముందే ‘మీరేమిట్లండీ?’ అని అడుగుతారు. మీకు ఇల్లు దొరికిందంటే ఆ ప్రశ్నకు మీ జవాబు వాళ్ళకు నచ్చిందన్నమాట. నచ్చనివాళ్ళు ఎక్కడుంటున్నారో వెళ్ళి చూడండి.

చిన్న నగరాల్లో వరదల బెడద లేదని చెప్పేవాళ్ళకు మతిమరుపు ఎక్కువ. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. అవే వానలకు ఖమ్మంలో మున్నేరు ఇళ్ళలోకి వచ్చింది. చెరువు శిఖం భూములమ్ముకోవడం, కాలవలు పూడ్చడం పెద్ద నగరం చేస్తే చిన్న నగరం చూసి నేర్చుకుంది.

ఇక గోదావరి గట్టు. అందరికీ గట్టు కావాలి, నదిలో ఏం కలుస్తోందో ఎవరికీ అక్కర్లేదు. ఊరి మురుగు నల్లా ఛానల్ గుండా ఆ నదిలోకే పోతుంది. 2015 జులై 14న పుష్కరాల మొదటి రోజే తొక్కిసలాటలో 27 మంది చనిపోయిన ఊరిది. 2027లో మళ్ళీ పుష్కరాలు. ఈలోపు రోడ్లు వేస్తారు, గోడలకు రంగులు వేస్తారు. పన్నెండేళ్ళకోసారి పన్నెండు రోజులు గుర్తొచ్చే ఊరు మిగతా రోజులు ఎవరి బాధ్యత?

అడగడానికి మనిషి ఉండాలి కదా. రాజమండ్రి కార్పొరేషనుకు 2014లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2019లో తీరింది. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలా కార్పొరేషన్లకు ఎన్నికలు పెట్టినప్పుడు మా ఊరిని పక్కనపెట్టారు. ఐదేళ్ళకోసారి పురపాలక ఎన్నికలు జరగాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది, అది 1993 నుంచి అమల్లో ఉంది. అయినా ఏళ్ళ తరబడి ప్రత్యేకాధికారి పాలనలోనే గడిచింది. మా వీధి కుళాయిలో నీళ్ళు రంగు మారితే చెప్పుకోవడానికి కార్పొరేటర్ లేడు. దీని మీద ఊరు కదలలేదు, ఎందుకంటే కదలాల్సిన వయసువాళ్ళు కూకట్‌పల్లి హాస్టళ్ళలో ఉన్నారు. ప్రశాంతత అంటే ఇదీ.

హైదరాబాదు స్వర్గమని నేననడం లేదు. అక్కడి ట్రాఫిక్, అద్దెలు, నీళ్ళ ట్యాంకర్లు నాకూ తెలుసు. రావద్దనీ అనడం లేదు. మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూల్లో చిత్రకళ చదువుకుని రాజమండ్రి తిరిగొచ్చాడు. విశ్రాంతికి రాలేదు. ఇక్కడ బొమ్మలు వేశాడు, చిత్రకళాశాల పెట్టి కుర్రాళ్ళకు నేర్పాడు. ముప్ఫై నిండకుండానే 1925లో పోయాడు. ఆయన పేరున్న గ్యాలరీ ఇప్పటికీ ఈ ఊళ్ళో ఉంది. రావడమంటే అదీ.

కాబట్టి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇది. రాగానే ఓటు ఇక్కడికి మార్చుకోండి. పనిలో పెట్టుకున్నవాళ్ళకు హైదరాబాదులో ఇచ్చిన జీతమే ఇవ్వండి. చేతనైతే ఇద్దరికి పని చూపించే వ్యాపారమేదైనా పెట్టండి. కార్పొరేషన్ ఎన్నికల గురించి, రాత్రిపూట డాక్టరు గురించి మాతో కలిసి గట్టిగా అడగండి. ఒట్టి ప్రశాంతత కోసమే అయితే దయచేసి రావద్దు. మా పిల్లలకు ఇక్కడే పని దొరికిన రోజున ఈ ఊళ్ళో గోల ఉంటుంది. ఆ గోలే మాకు కావాలి.