సృష్టి సూచనలు: గోదావరికి వరద వచ్చే నెలల్లో మాంటాల విందు

పర్ణశాల సమీపంలోని పల్లె నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. గల్ఫ్‌లో పనిచేస్తున్న కుమారుడు ఈసారి సెలవుకు ఇంటికి రావడానికి బదులు, తల్లిదండ్రులను, చెల్లెలిని మాల్దీవులకు రమ్మంటున్నాడట. అక్కడ మాంటా అనే పెద్ద చేప పక్కన ఈదవచ్చునని ఒక వీడియో కూడా పంపాడట. ‘దానికి కొమ్ములున్నాయి. షైతాన్ చేప అంటారట. అలాంటి దాని దగ్గరికి ఆడపిల్లను దించవచ్చునా? గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, మునిగిపోయిన వాళ్ళను చూసినదాన్ని, నాకు నీళ్ళంటే భయం. పైగా ఒక చేపను చూడటానికి అంత ఖర్చు ఇస్రాఫ్ కాదా?’ అని ఆమె అడిగారు. మూడూ సరైన ప్రశ్నలే. వాటికి జవాబుతోపాటు, ఈ చేపకూ ఆమె ఊరి నదికీ ఉన్న సంబంధం కూడా చెప్పాలనిపించింది.

ముందు కొమ్ముల సంగతి. మన తీరపు జాలరులు టేకు చేప అని పిలిచే బల్లపరుపు చేపల కుటుంబంలో మాంటా అన్నిటికంటే పెద్దది. రెక్కలు చాచితే భారీ మాంటా 7 మీటర్ల వెడల్పు వరకూ ఉంటుంది. మన ఇళ్ళలో రెండు గదులు కలిపినంత. పగడపు దిబ్బల దగ్గర తిరిగే రకం సాధారణంగా మూడు, నాలుగు మీటర్లుంటుంది. ఇంత దేహానికి ఆహారం కంటికి కనిపించీ కనిపించని ప్లవకాలు, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు. కొమ్ములుగా కనిపించేవి నిజానికి నోటికి రెండు వైపులా ఉన్న మెత్తని తెడ్లు. తినేటప్పుడు వాటిని విప్పి, నీటిని నోట్లోకి మళ్ళించుకుంటుంది. మిగతా సమయంలో చుట్టి ముందుకు పెట్టుకుంటుంది; ఆ చుట్టలను చూసి భయపడ్డ పాశ్చాత్య నావికులు ఆ జాతికి దుష్టనామం అంటగట్టారు. టేకు చేపల్లో కొన్నిటికి తోకలో విషపు ముల్లు ఉంటుంది కానీ, మాంటా ఆ ముల్లుతో ఎవరినీ కుట్టదు. కరవదు. అల్లాహ్ సృష్టించిన ఒక సాధుజీవికి షైతాన్ పేరు పెట్టడం మనిషి తొందరపాటే.

ఇక గోదావరి. వర్షాకాలంలో పర్ణశాల రేవు ముందు ఎర్రగా పోయే నీటిని ఆ సోదరి ఏటా చూస్తూనే ఉంటారు. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరిన రోజులను ఆ ప్రాంతంలో ఎవరూ మరువలేదు. ఇళ్ళలో బురద మిగిల్చి పోయే ఆ వరద, కూనవరం వద్ద శబరిని కలుపుకుని, పాపికొండల మధ్య ఇరుకుగా సాగి, ధవళేశ్వరం దిగువన పాయలై సముద్రంలో కలుస్తుంది. తీపి నీరు, ఉప్పు నీరు పక్కపక్కనే ప్రవహించేలా చేసి, నడుమ అడ్డు ఉంచిన సంగతిని ఫుర్ఖాన్ సూరా ప్రస్తావిస్తుంది. ఆ కలయిక వద్ద ఏం జరుగుతుందో నేటి సముద్రశాస్త్రం కొంత చెప్పగలదు. నది మోసుకొచ్చే ఒండ్రుతోపాటు సముద్రానికి పోషకాలు అందుతాయి. వాటితో సూక్ష్మమైన నాచు పెరుగుతుంది, నాచును తిని ప్లవకాలు, ప్లవకాలను తిని చిన్న చేపలూ, భారీ దేహాలున్న మాంటాలూ బతుకుతాయి. మీ పెరట్లోంచి వరద కోసుకుపోయిన మట్టి ఎంతో కొంత బంగాళాఖాతానికి ఎరువే.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. ప్లవకాలను పెంచే ఒండ్రు నీరే చూపును మూసేస్తుంది. గోదావరి ముఖద్వారం దగ్గర ముసుగు పెట్టుకుని దిగితే చాచిన చేయి కూడా కనబడటం కష్టం. విశాఖ రుషికొండ వద్ద డైవింగ్ నేర్పుతారు, నేర్చుకోవడానికి అది మంచి చోటు. కానీ మాంటా కనిపిస్తుందని ఆశపడి వెళ్ళవలసిన చోటు కాదు. మన తీరంలో మాంటా, దాని బంధువులు మనిషికి కనిపించేది ఎక్కువగా విశాఖ, కాకినాడ చేపల రేవుల్లో, వలలో చిక్కి చచ్చిన తరువాత.

అవి చావడానికి కారణం కూర ఒక్కటే కాదు. మొప్పల లోపల ప్లవకాలను వడగట్టే పలకలుంటాయి. వాటిని ఎండబెట్టి చైనా మార్కెట్లలో మందు పేరుతో అమ్ముతారు. ఆ మందుకు శాస్త్రీయ ఆధారం లేదు, డబ్బు మాత్రం ఉంది. మాంటా ఈతకు ఒకే పిల్లను కంటుంది. గర్భం సుమారు ఏడాది. ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య రెండేళ్ళో, అయిదేళ్ళో గడుస్తాయి. గేదె కంటే నిదానంగా పెరిగే సంతతిని కొర్రమీను పట్టినట్టు పడితే ఏం మిగులుతుంది? అంతర్జాతీయ వాణిజ్యంపై 2013లో ఆంక్షలు తెచ్చారు. మన దేశంలో 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం భారీ మాంటాను మొదటి షెడ్యూలులో చేర్చింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంటే పులికి ఉన్న రక్షణే దానికీ. సముద్రపు వేట హలాల్ కాదా అని కొందరు వాదించవచ్చు. హలాల్ అయిన వస్తువును అంతరించిపోయేదాకా వాడమని ఏ ఫిఖ్హ్ గ్రంథమూ చెప్పదు.

ఈ సందర్భంలో ఇండోనేషియాలోని లామకెరా అనే ఊరిని తలచుకోవాలి. సోలోర్ ద్వీపంలోని ముస్లిం జాలరుల గ్రామమది. తరతరాలుగా వాళ్ళు తెడ్ల పడవలపై వెళ్ళి, బల్లెంతో మాంటాలను వేటాడి, మాంసం పంచుకుని తినేవారు. మోటారు పడవలూ, మొప్పల వ్యాపారులూ వచ్చాక వేట పెరిగింది, మాంటాలు తగ్గాయి. 2014లో ఇండోనేషియా తన సముద్రమంతటా మాంటా వేటను నిషేధించింది. లామకెరా జాలరులకు ఇతర చేపల వేటలో తోడ్పాటు ఇస్తూ, నచ్చజెబుతూ పని సాగింది. చట్టం ఒక్క రోజులో రాయవచ్చు. పొయ్యి మీది కుండ మార్చడానికి ఏళ్ళు పడుతుంది. ఆ జాలరుల మీద కోపం కంటే, మొప్పలు కొన్న వాళ్ళ మీదే నాకు కోపం ఎక్కువ.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలన్న మాట. వేట ఆపిన చోటికి, వచ్చే జనానికి కూడా హద్దు పెట్టిన చోటికి వెళ్ళమంటాను. మాల్దీవులు ఆ కొలతకు సరిపోతాయి. ఆ దేశం 1995లోనే టేకు చేపల ఎగుమతిని ఆపి, 2014లో ఆ జాతులన్నిటికీ రక్షణ కల్పించింది. అక్కడి బా అటోల్‌లో హనీఫారు అనే చిన్న అఖాతముంది. మే నుంచి నవంబరు దాకా, మనకు వాన తెచ్చే నైరుతి గాలులే అక్కడి ప్రవాహాలను తిప్పి ప్లవకాలను ఆ గిన్నెలోకి తోస్తాయి. మంచి రోజైతే వందకు పైగా మాంటాలు చేరి, వరుసగా, గుండ్రంగా తిరుగుతూ మేస్తాయి. 2009లో దానిని రక్షిత ప్రాంతం చేశారు, 2011లో యునెస్కో ఆ అటోల్‌ను జీవావరణ మండలంగా గుర్తించింది. సిలిండరు కట్టుకుని డైవింగ్ చేయడం అక్కడ నిషిద్ధం. ముసుగు, గాలిగొట్టంతో నీటి పైన తేలుతూ చూడటానికే, అదీ అనుమతి ఉన్న గైడుతో, 45 నిమిషాలు మాత్రమే. మన కుటుంబాలకు ఈ నిబంధన ఒక మేలు కూడా. డైవింగ్ శిక్షణకు మూడు, నాలుగు రోజులు, చాలా డబ్బు కావాలి. స్నార్కెలింగ్‌కు అంత అక్కర్లేదు.

బస విషయంలో ఒక సూచన. ఖరీదైన రిసార్టు ద్వీపాలకు బదులు జనం నివసించే ద్వీపంలో దిగండి. హనీఫారుకు దగ్గరలోనే ధరవందూ ఉంది. అతిథి గృహాలున్నాయి, అయిదు పూటలా అజాన్ వినిపిస్తుంది, మద్యం ఉండదు, భోజనం గురించి బెంగ అక్కర్లేదు. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు అక్కడ ఎవరికీ వింత కాదు. ఎండకూ, జెల్లీ చేపలకూ కూడా అవే రక్ష. అమ్మాయి కోసం మహిళా గైడు దొరుకుతారేమో ముందే అడగండి.

సోదరి భయాన్ని నేను తీసిపారేయను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పడవ మునిగిన నది ఒడ్డున బతుకుతున్న మనిషి భయం అది. ఈత రాకపోతే తేలే జాకెట్ లేకుండా దిగవద్దు. ముసుగు, గొట్టంతో ఊపిరి తీయడం నడుము లోతు నీటిలో అలవాటు చేసుకోండి. ఉబ్బసం, గుండె, చెవి జబ్బులున్నవారు వైద్యుణ్ణి అడిగి వెళ్ళాలి. పడవ మీదే ఉండి చూసినా తప్పేమీ లేదు. తినేటప్పుడు మాంటాలు నీటి పైకే వస్తాయి. దిగిన వాళ్ళు మూడు మీటర్ల దూరం పాటించాలి, వెంబడించకూడదు, తాకకూడదు. వాటి చర్మం మీది జిగురు పొర చెదిరితే జబ్బులు వస్తాయి.

ఖర్చు సంగతి. హజ్ విధి అయి ఇంకా నెరవేర్చకపోతే, ఉన్న డబ్బు ముందు దానికే. అప్పు చేసి వెళ్ళవలసిన యాత్ర కాదిది. ఆ రెండూ లేనప్పుడు, దూరదేశంలో ఒంటరిగా కష్టపడే కొడుకు తన సంపాదనతో అమ్మకు సముద్రం చూపించాలనుకోవడాన్ని ఇస్రాఫ్ అనడానికి నాకు మనసొప్పదు. మాల్దీవులు భారమైతే లక్షద్వీపాలున్నాయి. కొచ్చి నుంచి వెళ్ళాలి, ప్రవేశానుమతి ముందే తీసుకోవాలి. అక్కడా మాంటాలు కనిపిస్తాయి, అక్కడా మన సోదరులే. అండమాన్‌కు విశాఖ నుంచి ఓడలున్నాయి, శ్రీ విజయపురంలో (పాత పోర్ట్‌బ్లెయిర్) తెలుగు మాట వినిపిస్తుంది. కానీ ఈ రెండు చోట్లా హనీఫారులాగా గుంపుగా కనబడతాయని లెక్క వేసుకోలేం.

చివరిగా, మీ అబ్బాయి సెలవు ఏ నెలలోనో ఉత్తరంలో రాయలేదు. డిసెంబరు అయితే హనీఫారులో ఏమీ ఉండదు. అప్పుడు అరి అటోల్ పడమటి వైపు వెతకాలి. హనీఫారే కావాలంటే ఆగస్టు, సెప్టెంబరు మేలు. ఆ నెలల్లోనే మీ దగ్గర గోదావరికి వరద. ఇంటినీ, పశువులనూ చూసుకోవడానికి ఎవరుంటారో తేల్చుకున్నాకే టికెట్లు కొనమని చెప్పండి.