బాలల రాత్రి సంచారం – చట్టం చూడని గడియారం

ఖతర్‌లో అల్ రయ్యాన్ పురపాలక పరిధిలోని ముఐథర్‌లో జూన్ మాసపు సూర్యుడు సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో అస్తమిస్తాడు. పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే ఆ దినాలలో పిల్లవాడు సైకిలు బయటకు తీసేది ఆ తరువాతనే. వేసవిలో ఉదయం 10 నుండి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో కార్మికులచే పని చేయించరాదని అక్కడి ప్రభుత్వం 2021లో నిబంధనను కఠినతరం చేసింది. పెద్దల శ్రమకే తగని ఎండ పిల్లల ఆటకు తగదు గదా! అందువలన అక్కడి బాల్యంలో అధికభాగం వీధిదీపాల వెలుతురులోనే గడుస్తుంది. దీపాలు పెట్టేవేళకు పిల్లలు ఇల్లు చేరాలన్న అమ్మమ్మల శాసనం కృష్ణాతీరంలో ఎంత సహజమో, ఈ ఎడారి అంచున అంత అసందర్భం.

ఆ శాసనాన్నే చట్టంగా మార్చాలన్న కోరిక మాత్రం దేశదేశాలలో కనిపిస్తుంది. 2025 జనవరిలో తెలంగాణ హైకోర్టు 16 ఏళ్ళలోపు పిల్లలను ఉదయం 11కు ముందు, రాత్రి 11 తరువాత సినిమా హాళ్ళలోనికి అనుమతించరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, మార్చిలో దానిని సడలించింది. పిల్లల ఆరోగ్యాన్ని గూర్చిన ఆ చింత సమంజసమే. అయితే 2024 డిసెంబరులో హైదరాబాదు సంధ్య థియేటరు వద్ద ఒక తల్లి ప్రాణాన్ని బలిగొన్న తొక్కిసలాటకు కారణం జనసమ్మర్దమే గాని గడియారపు ముల్లు కాదు.

తెలుగువారు వేలాదిగా స్థిరపడిన డల్లాస్ నగరం 1991లో 17 ఏళ్ళలోపు వారికి రాత్రి కర్ఫ్యూ విధించింది. టెక్సాస్ రాష్ట్రం 2023లో శాసనం చేసి, నగరాలు ఇటువంటి కర్ఫ్యూలు పెట్టరాదన్నది. ఈ నడుమ, 2016లో పన్నెండు అధ్యయనాలను జోడించి చూసిన ఒక సమీక్షలో, కర్ఫ్యూల వలన నేరాలు తగ్గినట్లు తేలలేదు. ప్రయోగశాలలో ఇటువంటి ఫలితం వస్తే ఆ పద్ధతిని పక్కన పెడతారు. పురపాలక సంఘాలకు అంత తొందర ఉండదు. ఐస్‌లాండ్ సంగతి వేరు గదా అని కొందరు అడుగుతారు. అక్కడ 12 ఏళ్ళు, అంతకు తక్కువ వయసు గలవారు శీతకాలంలో రాత్రి 8 తరువాత ఒంటరిగా తిరగరాదు. కౌమారులలో మద్యపానం బాగా తగ్గిన మాటా నిజమే. కాని అక్కడ కర్ఫ్యూకు తోడుగా ఆటల సంఘాలకు ప్రభుత్వ ధనం అందింది, తల్లిదండ్రులు తామే వీధులలో తిరిగారు. ఏ ద్రవ్యం వలన చర్య జరిగిందో విడదీయకుండా కర్ఫ్యూ ఒక్కదానికే కీర్తి కట్టబెట్టడం సరికాదు.

అసలు గడియారం శరీరంలోనే ఉంది. ఆహారంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం సెరటోనిన్‌గా, అది చీకటి వేళ మెదడులోని పీనియల్ గ్రంథిలో మెలటోనిన్‌గా మారుతుంది. 1958లో ఆరన్ లెర్నర్ బృందం పశువుల గ్రంథుల నుండి వేరుచేసిన ఈ పదార్థం, శరీరానికి రాత్రి వచ్చిందని తెలిపే దూత. కౌమారంలో దీని స్రావం గంట, రెండు గంటలు ఆలస్యంగా ఆరంభమవుతుంది. తొమ్మిదికే పడుకోబెట్టిన పదిహేనేళ్ళ బాలుడు కన్నులు తెరుచుకుని పొర్లుతుంటే అది మొండితనం కాదు. దీపాలార్పిన గదిలో చేతి ఫోను వెలుగుతూ ఉంటే ఆ దూత మరింత ఆలస్యమవుతాడు. ఇల్లు చేరమనే చట్టం నిద్రను తెప్పించలేదు.

ఖతర్‌లోని భారతీయ పాఠశాలలు ఏడు గంటల ప్రాంతంలోనే ఆరంభమవుతాయి; బస్సు కోసం లేవవలసిన వేళ అంతకన్న చాలా ముందు. ఆట రాత్రికి, బడి తెల్లవారుజాముకు జరిగిపోగా మధ్య నలిగేది నిద్ర. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2014లోనే పెద్ద తరగతులు 8.30కు ముందు మొదలు కారాదని సూచించింది. కాలిఫోర్నియాలో 2022 నుండి ఉన్నత పాఠశాలలకు అదే చట్టం. ముఐథర్‌లోని తల్లిదండ్రులు పిల్లవాడిని ఎనిమిదింటికి ఇంట కట్టివేయడానికి బదులు, తొమ్మిది వరకు తామూ ఆ మైదానపు గట్టున కూర్చుని, కనీసం ఎండ తగ్గిన నవంబరు నుండి మార్చి వరకైనా పెద్ద తరగతుల గంటను ఒక అరగంట వెనుకకు జరపమని పాఠశాలల యాజమాన్యాలను కోరవచ్చు.