దరువుకు తగిన రూపం

డప్పుల పోటీ అయినా, బ్యాండు మేళాల పోటీ అయినా బాగా వాయించిన జట్టే గెలుస్తుందని సామాన్యంగా అనుకుంటారు. అది సగం నిజం మాత్రమే. తక్కిన సగం కంటికి సంబంధించినది. వాయించేవారు ఎక్కడ నిలిచారు, ఎప్పుడు కదిలారు, ఏ రంగు తొడిగారు అనేవి కూడా జయాపజయాలను నిర్ణయిస్తాయి. అమెరికాలోని డ్రమ్ కోర్ దళాల చరిత్ర ఈ సంగతిని చక్కగా రుజువు చేస్తున్నది. జాతరలకూ పండుగలకూ పోటీలు పెట్టే ఊరి పెద్దలకూ, వాటిలో పాల్గొనే యువకులకూ ఆ చరిత్రలో ఒక పాఠం ఉన్నది.

డ్రమ్ కోర్ అంటే డోళ్లు, ఇత్తడి బాకాలు, జెండాలు పట్టిన యువతీ యువకుల దళం. పెద్ద దళంలో నూటయాభై మందికి పైగా ఉంటారు. అందరూ ఇరవై రెండేళ్లకు అటూ ఇటూగా ఉన్నవారో, అంతకన్నా చిన్నవారో. వంద గజాల పొడవున్న ఫుట్‌బాల్ మైదానంలో పది పన్నెండు నిమిషాల పాటు వాయిస్తూనే నడుస్తారు, పరుగెత్తుతారు, వరుసలు మార్చుతారు. వేసవి అంతా బస్సుల్లో ఊరూరా తిరిగి ప్రదర్శనలిస్తారు. ఆగస్టులో తుది పోటీ. 2009 నుంచి ఇండియానాపొలిస్ నగరం ఆ పోటీకి వేదికగా ఉంటున్నది.

తొలినాళ్లలో ఈ దళాలను మాజీ సైనికుల సంఘాలు పోషించాయి. అందువల్ల పోటీకి కూడా సైనిక కవాతు లక్షణమే అబ్బింది. న్యాయనిర్ణేతలు కాగితం పట్టుకుని దళం వెంట నడిచేవారు. ఒకరి అడుగు తప్పినా, ఒకరి కర్ర జారినా ఒక్కొక్క తప్పుకు మార్కులో పదో వంతు కోత పడేది. తప్పు చేయనివాడే గొప్పవాడు అన్నది ఆనాటి సూత్రం. అలాంటి చోట కొత్త ఆలోచనకు సాహసించేదెవరు? సాహసిస్తే తప్పులు దొర్లుతాయి, దొర్లితే మార్కులు పోతాయి. కాబట్టి అందరూ తిన్నని వరుసలలో, ఎడమకు కుడి సరితూగేలా, జాగ్రత్తగా నడిచేవారు.

1970ల మొదట్లో దళాలు తామే చేతులు కలిపి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థను నెలకొల్పుకున్నాయి. 1984లో తప్పుల కోత పద్ధతి తొలగిపోయింది. తప్పులెన్ని అని గాక, చేసినది ఎంత గొప్పది, దాన్ని ఎంత బాగా చేశారు అని చూడడం మొదలైంది. నేడు నూరు మార్కులలో సంగీతానికి 30, దృశ్యానికి 30, ప్రదర్శన మొత్తం కలిగించే ప్రభావానికి 40 కేటాయించారు. ఈ 40లో కూడా వినికిడీ, చూపూ రెండూ ఇమిడి ఉంటాయి. అంటే కన్ను చూసేదాన్ని నిర్లక్ష్యం చేసిన దళం ఎంత చక్కగా వాయించినా పైకి రాలేదు.

ఈ మార్పుకు దారి చూపిన వారిలో న్యూజెర్సీకి చెందిన గార్‌ఫీల్డ్ కాడెట్స్ దళం ముఖ్యమైనది. దానికి జార్జి జింగాలీ అనే కవాతు రూపశిల్పి 1980ల మొదట్లో కొత్త వ్యూహాలు కల్పించాడు. సరితూగే వరుసలను వదిలిపెట్టాడు. వంపులు, చీలికలు, మళ్లీ కలయికలు, మధ్యలో పరుగులు ప్రవేశపెట్టాడు. బాకా ఉధృతమయ్యే వేళకు మైదానంలో బొమ్మ కూడా విచ్చుకునేది. ఆ దళం 1983, 1984, 1985లలో వరుసగా మూడుసార్లు విజేతగా నిలిచింది. గమనించదగిన విషయమేమంటే, జింగాలీ తెచ్చిన మార్పుకు ఖరీదైన సామగ్రి అక్కరలేకపోయింది. కావలసిందల్లా ఆలోచన, కాళ్లలో సత్తువ, సాధన.

ఎవరు ఎక్కడ నిలవాలన్నది కేవలం అందం కోసమే అనుకుంటే పొరపాటు. శబ్దం మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికి క్షణంలో పావు వంతు పడుతుంది. దూరదూరంగా నిలిచినవారు ఒకరినొకరు వింటూ వాయిస్తే తాళం తప్పక చెదురుతుంది. అందుకే డోళ్లను తరచుగా మధ్యన, వెనుక తట్టున నిలిపి, ముందున్నవారు ఆ వెనుక నుంచి వచ్చే దరువును పట్టుకునేలా ఏర్పాటు చేస్తారు. ఒంటరిగా వాయించే వాద్యకారుణ్ణి ముందుకు తెస్తారు. వరుస మారే వేళ చూపరుల దృష్టి జెండాల మీదికి మళ్లిస్తారు. మంచి మోహరింపు వాయిద్యానికి అలంకారం కాదు, ఆసరా.

2008 పోటీ ఇందుకు మరో నిదర్శనం. ఫాంటమ్ రెజిమెంట్ అనే దళం రోము నగరపు బానిస వీరుడు స్పార్టకస్ కథను ఎత్తుకున్నది. ఆ సంగీతం ఆ దళానికి కొత్త కాదు. 1981, 1982లలో కూడా వాయించింది, కానీ అప్పుడు ట్రోఫీ దక్కలేదు. 2008లో వాయించడంతో ఆగకుండా తిరుగుబాటు కథను మైదానం మీద నటించి చూపింది. తుది ఫలితంలో ఆ దళం బ్లూ డెవిల్స్‌ను ఓడించింది. తేడా ఎంత? 0.025 మార్కు. గెలుపు పూర్తిగా నటన వల్లనే అనడం అతిశయోక్తి అవుతుంది. కానీ అంత సన్నని తేడాలో ప్రతి అడుగూ లెక్కకు వస్తుందన్నది నిర్వివాదం.

2016లో ఒహాయో రాష్ట్రానికి చెందిన బ్లూకోట్స్ దళం మరో అడుగు ముందుకు వేసింది. పాతకాలపు టోపీలను తీసివేసింది. మైదానంలో పెద్ద పెద్ద వాలు వేదికలు నిలిపి, వాటి మీదికి ఎక్కుతూ జారుతూ వాయించి, మొట్టమొదటిసారి విజేత అయింది. అప్పటికే మొదలైన పోకడ దానితో మరింత ఊపందుకున్నది. పెద్ద సామగ్రి లేనిదే పై స్థానాలకు పోటీ పడలేమనే భావన పాతుకుపోతున్నది.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. సామగ్రి పెరిగితే లారీలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. ఒక వేసవికి ఒక్కొక్క సభ్యుడు వేల డాలర్ల రుసుము చెల్లించవలసి వస్తున్నది. పలుమార్లు విజేతగా నిలిచిన శాంటా క్లారా వాన్‌గార్డ్ దళం ఆర్థిక ఇబ్బందుల వల్ల 2023లో పోటీకే దిగలేకపోయింది. బస్సులు, భోజనాలు, బస అన్నీ ప్రియమైనాయి కనుక నెపమంతా సామగ్రి మీదకే నెట్టడం న్యాయం కాదు. అయినా 1970లలో వందల సంఖ్యలో ఉన్న దళాలు నేడు పదుల సంఖ్యకు తగ్గిన మాట వాస్తవం. ప్రతిభ ఉండీ డబ్బు లేని పిల్లవాడు గట్టునే నిలిచిపోతే పోటీకి అర్థమేమిటి?

తెలుగు పల్లెలో డప్పు పట్టినవారికి ఈ పాఠంలో మొదటి సగం ఎవరూ నేర్పనక్కరలేదు. దరువుతో పాటు అడుగు కదలాలని, అందరూ ఒక్కసారిగా వంగి లేస్తే చూసేవారి ఒళ్లు జలదరిస్తుందని వారికి తరతరాలుగా తెలుసు. నేర్వవలసింది రెండో సగం, అది కూడా పోటీలు నిర్వహించేవారు. మార్కుల కాగితం ఏది కోరితే కళ అటే వంగుతుంది. తప్పులు లెక్కపెట్టినంత కాలం అమెరికా దళాలు ముడుచుకుని నడిచాయి. ఆర్భాటానికి మార్కులు వేస్తే జట్లు అప్పు చేసి పట్టుబట్టలు కొంటాయి, దరువు వెనకబడుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత నిజమవుతుంది.

కాబట్టి నిర్వాహకులు దేనికెన్ని మార్కులో పోటీకి ముందే చదివి వినిపించడం మంచిది. దుస్తుల ఖరీదుకు గాక, అడుగుకూ దరువుకూ కుదిరిన పొందికకు మార్కులు వేయాలి. న్యాయనిర్ణేతలలో డప్పు కొట్టి చేతులు కాయలు కాచినవారు ఒక్కరైనా ఉండాలి. దుస్తులకు, సామగ్రికి ఖర్చు పరిమితి పెడితే పేద జట్టు కూడా తలెత్తుకుని బరిలో దిగుతుంది. చూపుకు విందు చేయడానికి సొమ్ము కన్నా ఊహ ముఖ్యమని జింగాలీ మైదానంలోనే రుజువైంది. ఆ ఊహకు పల్లెల్లో కొరత లేదు. దానికి తగిన మార్కు వేసే చెయ్యి కావాలి.