యంత్రము గుర్తింపలేని సంగతి

ఇప్పటి లినక్సు కంప్యూటరునకు కీబోర్డునుగాని మౌసునుగాని తగిలించినచో రెప్పపాటులో అది పనిచేయ నారంభించును. మనము యంత్రమునకు తెలుపవలసినది యేమియు ఉండదు. ఇది మేలైన మార్పే యని నా యభిప్రాయము. కాని యంత్రము సమస్తమును తానే గుర్తించినదని విద్యార్థులు తలంచుట వలన తెలుగునకు నష్టము కలుగుచున్నది. ఆ సంగతియే యిచ్చట వ్రాయదలచితిని.

పూర్వ మిట్లు కాదు. తెరను నడపు ఎక్స్ అను సర్వరునకు అమరికల ఫైలొకటి యుండెడిది. మౌసు ఏ జాతిది, ఎచ్చట తగిలింపబడినది, దానికి చక్రము కలదా లేదా యను సంగతులను మనుష్యుడే అందు వ్రాయవలసియుండెను. ఒక్క మాట తప్పినను బాణపు గుర్తు వెఱ్ఱిగా గంతులు వేయును. లేదా తెరయే రాదు. 2007లో వెలువడిన ఎక్స్.ఆర్గ్ సర్వరు 1.4తో, హాల్ అను ప్రోగ్రాము సాయమున, యంత్రము నడుచుచుండగనే క్రొత్త పరికరములను చేర్చుకొను నేర్పాటు వచ్చినది. 2010లో వచ్చిన 1.8లో హాల్ స్థానమున యూడెవ్ నిలిచెను. హాల్ నాళ్లలో కీబోర్డు భాషను మార్చుటకు ఎక్స్.ఎమ్.ఎల్. ఫైళ్లను దిద్దవలసివచ్చెడిది. అది పోయినందుకు విచారించువారిని నేనెఱుగను.

ఇప్పుడు జరుగు పని వినదగినది. యూ.ఎస్.బీ. కీబోర్డును తగిలించిన వెంటనే కెర్నెలు దానిని "నీవెవరవు?" అని యడుగును. పరికరము తన్ను చేసినవారి సంఖ్యను, తన మాదిరి సంఖ్యను, తన తరగతిని చెప్పుకొనును. మనుష్యుల చేతితో నడచు పరికరముల తరగతి సంఖ్య 3. పిమ్మట యూడెవ్ దాని మీటలను పరీక్షించును. ఎస్కేపు, అంకెలు, వాని క్రింది అక్షరముల వరుస మొదలుగా తొలి 31 మీటలును ఉన్నచో అది పూర్తి కీబోర్డని చీటి వ్రాయును. కంప్యూటరును ఆర్పు బొత్తాము కూడ ఒక మీటయే. కాని ఈ పరీక్షలో నిలువదు. పేరు నడుగక పనిని చూచు ఈ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. ఆ తరువాత లిబిన్‌పుట్ అనునది మీటల వార్తలను అందుకొని తెరకు చేర్చును.

అయినను పరికరము తన్ను గూర్చి చెప్పుకొన్నదానినే యంత్రము నమ్ముచున్నది. కీబోర్డు వేషము వేసిన పెన్‌డ్రైవు తనంతట తానే ఆజ్ఞలను టైపుచేయగలదని కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ అను పరిశోధకులు 2014లో చూపిరి. దారిలో దొరికిన పెన్‌డ్రైవును తగిలింపవలదని పిల్లలకు మేము చెప్పుట యిందుకే.

ఇక అసలు విషయము. మీట నొక్కినపుడు తీగవెంట పోవునది అక్షరము కాదు, ఆ మీట యున్న తావును తెలుపు సంఖ్య మాత్రమే. లినక్సులో 37వ సంఖ్యగల మీటకు ఆంగ్లపు అమరికలో 'కె' వచ్చును. 1991 నాటి భారత ప్రమాణమున చేర్చబడిన ఇన్‌స్క్రిప్టు అమరికలో 'క' వచ్చును. వ్రాయువారిది ఏ భాషయో యంత్రమునకు తెలియు దారి లేదు. కీబోర్డు తన దేశమును చెప్పుకొనుటకు యూ.ఎస్.బీ. నిబంధనలలో ఒక గడి కలదు. 2001 నాటి ఆ పట్టికలో 1 మొదలు 35 వరకు సంఖ్యలున్నవి. నేడు లేని యుగోస్లావియా పేరు అందు గలదు. భారతదేశపు పేరు లేదు! పెక్కు కీబోర్డులు ఆ గడిలో సున్న యుంచి యూరకుండును. కావున యంత్రమును సిద్ధపరచిననాడు ఎవరో యెంచిన అమరికయే, తరచుగా అమెరికా వారిది, నిలిచిపోవును.

దీని ఫలమేమి? మీట నొక్కగా ఆంగ్లాక్షరములే వచ్చుటచేత, ఈ యంత్రమున తెలుగు లేదని బాలుడు నమ్మి, తల్లికి వ్రాయు నాలుగు మాటలను గూడ ఆంగ్లాక్షరములతోనే వ్రాయుచున్నాడు. లినక్సులో తెలుగు అమరికలు ఒకటికంటె నెక్కువ యున్నవి. సెట్టింగులలో కీబోర్డు అను చోట తెలుగును ఒక్కసారి చేర్చినచో, పిమ్మట రెండు మీటల నొత్తి భాష మార్చుకొనవచ్చును. ఇన్‌స్క్రిప్టులో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చును. హిందీకిని కన్నడమునకును 'క' ఆ మీటయందే యుండును గనుక, ఒకటి నేర్చినవారికి తక్కినవి సులభము.

తలిదండ్రులకు నా విన్నపమిది: ఇంట కంప్యూటరున్నచో, ఈ సెలవులలోనే పిల్లవానిచేత ఆ యమరికను చేర్పించి, తాతకో అవ్వకో తెలుగున ఒక ఉత్తరము వ్రాయింపుడు. మన పాఠశాలలోనైతే ప్రతి కంప్యూటరునందును తెలుగును ఆంగ్లము ప్రక్కన చేర్చి, ఇన్‌స్క్రిప్టు పటమును గోడకు అంటించుటకు ఒక మధ్యాహ్నపు పని చాలును.